ప్రమోషన్లు సకాలంలో రావాలన్నా, వచ్చినవాళ్లు సీటు నడపగలగాలన్నా శాఖలో ముందు ఏం సరిచేయాలి?

బి సెక్షన్
అందరికీ నమస్కారం. ఆంధ్రలోనో తెలంగాణలోనో హెచ్‌ఓడీ (శాఖాధిపతి) కార్యాలయం, జోనల్, జిల్లా కార్యాలయాలు ఉన్న మధ్యరకం ప్రభుత్వ శాఖ అనుకోండి. జూనియర్ అసిస్టెంట్, సీనియర్ అసిస్టెంట్, సూపరింటెండెంట్, ఆపైన గెజిటెడ్ పోస్టులు. సమస్యలు రెండు. సెప్టెంబరులో రావాల్సిన ప్యానెల్ (ప్రమోషన్‌కు ఎంపికైనవారి జాబితా) ఫిబ్రవరి, మార్చి దాకా రావడం లేదు. వచ్చాక, కొత్త సూపరింటెండెంట్లు కోర్టు కేసులు, క్రమశిక్షణ ఫైళ్లు, బడ్జెట్ తేల్చలేక ప్రతిదీ పైకి పంపేస్తున్నారు. దీనికి మందుగా వారం రోజుల నాయకత్వ శిక్షణ పెడదామని ప్రతిపాదన తయారవుతోంది. అది సరిపోతుందా? సాధారణ సలహాలు కాకుండా, రేపు ఫైల్లో పెట్టగలిగినవి చెప్పండి.

సర్వీస్ రూల్స్
సరిపోదండీ. శిక్షణ చివరి మెట్టు. మొదటిది సీనియారిటీ జాబితా. అది ఫైనల్ కాని శాఖలో ఏ కోర్సు పెట్టినా, ఎవరు ఏ సీటులోకి వెళ్తారో తెలియకుండా పెట్టినట్టే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి 1996 స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్‌లో నియమం 6 చూడండి. సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఏడాది ఆగస్టు 31 దాకా ఖాళీలు లెక్కించాలి. అర్హత చూసే తేదీ కూడా సెప్టెంబరు 1. ప్యానెల్ మరుసటి ఏడాది డిసెంబరు 31 దాకా, లేదా కొత్త ప్యానెల్ వచ్చేదాకా, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. అంటే మార్చిలో ప్యానెల్ వేస్తే ఆ ఏడాదిలో సగానికి పైగా ఖాళీగా పోయినట్టే. ఈ మధ్యలో రిటైరైన మనిషికి ఆ పదవి జీవితంలో దక్కదు. ఇది కాగితం ఆలస్యం అనుకోకూడదు, ఒక ఉద్యోగి పెన్షన్ దాకా వెంటాడే నష్టం.

జాబితా ఎక్కడ ఆగుతుందో చెప్తాను. పది శాఖల ఫైళ్లు తెరిస్తే ఎక్కువ చోట్ల కనిపించేది ప్రొబేషన్ డిక్లరేషన్ (పరీక్షాకాలం పూర్తయిందన్న ఉత్తర్వు) లేకపోవడమే. నేరుగా చేరినవాళ్లకు వరుసగా మూడేళ్లలో రెండేళ్లు డ్యూటీ, ప్రమోషన్ మీద వచ్చినవాళ్లకు రెండేళ్లలో ఏడాది డ్యూటీ కావాలి. ఇక్కడ డ్యూటీ అన్నమాట ముఖ్యం. జీతం లేని సెలవు మధ్యలో ఉంటే గడువు జరుగుతుంది, ఆ లెక్క ఎవరూ వేయరు. ఉత్తర్వు ఇవ్వాల్సింది నియామకాధికారి, అడగాల్సింది ఉద్యోగి పనిచేస్తున్న కార్యాలయం. ఇద్దరూ ఎదుటివాళ్లు చూస్తారనుకుంటారు. ఎనిమిదేళ్ల తర్వాత ప్యానెల్ సమయంలో బయటపడుతుంది.

అందుకని జాబితా పట్టికలో పేరు, పుట్టినతేదీ, చేరిన తేదీ మాత్రమే పెట్టకండి. సర్వీస్ కమిషన్ మెరిట్ నంబరు, రోస్టర్ పాయింటు (రిజర్వేషన్ వరుసలో స్థానం), ప్రొబేషన్ మొదలైన తేదీ, ముగిసిన తేదీ, డిక్లరేషన్ ఉత్తర్వు నంబరు, డిపార్ట్‌మెంటల్ పరీక్షలు పాసైన తేదీ, లోకల్ కేడర్ (పోస్టు ఏ జిల్లా, జోన్ పరిధిలోదో), పెండింగ్ చార్జీలు (క్రమశిక్షణ అభియోగాలు), ఇవన్నీ నిలువు గడులుగా ఉండాలి. ఏ గడి ఖాళీగా ఉందో అదే మీ పని జాబితా.

కృష్ణా డెల్టా
సర్వీస్ రూల్స్ గారు చెప్పినదానికి ఒక చేర్పు. సీనియారిటీ అభ్యంతరాల్లో ఎక్కువ భాగం "నేను ముందు చేరాను, ఆయన తర్వాత చేరాడు" అన్నవే. నియమం 33(బి) ప్రకారం ఎంపిక సంస్థ ఇచ్చిన మెరిట్ వరుసను మార్చడానికి వీల్లేదు. నియామక ఉత్తర్వు అందాక పది రోజులు ఆలస్యంగా, అయినా గడువు లోపలే చేరితే కిందికి దిగిపోడు. రోస్టర్ పాయింటు ఖాళీ ఏ వర్గంతో నింపాలో చెప్తుంది, సీనియారిటీ చెప్పదు. 2003లో బిమలేష్ తన్వర్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. ఈ రెండు వాక్యాలు తాత్కాలిక జాబితాతో పాటే సర్క్యులర్లో రాసి పంపితే సగం అభ్యంతరాలు రావు.

అభ్యంతరాలకు గడువు ఇచ్చాక, ప్రతిదానికీ విడివిడిగా కారణాలతో జవాబు ఇవ్వాలి. "పరిశీలించి తిరస్కరించడమైనది" అని ఒక్క ముక్క రాస్తే అది హైకోర్టులో నిలవదు. స్టే వస్తే ఏడాది పోతుంది. ఏ నియమం, ఏ తేదీ, ఏ పత్రం అని మూడు పంక్తులు రాస్తే చాలు.

మల్టీజోన్-2
తెలంగాణలో అదనంగా ఒక చిక్కు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుతో ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు వచ్చాయి. 2021 డిసెంబరులో జీవో 317 కింద ఉద్యోగులను కొత్త లోకల్ కేడర్లకు కేటాయించారు. పాత ఉమ్మడి జిల్లా జాబితా మీదే ప్రమోషన్లు నడిపితే హైకోర్టులో మొదటి రిట్ పిటిషన్‌కే ఆగిపోతుంది. ప్రతి పోస్టుకూ అది జిల్లా కేడరా, జోనల్ కేడరా, మల్టీజోనలా అన్నది ఉత్తర్వు ప్రకారం ముందు రాసుకుని, ఆ కేడర్ హద్దుల్లోనే జాబితా తిరగరాయాలి. కేటాయింపు మీద అప్పీలు పెండింగులో ఉన్నవాళ్ల పేరు ఎదుట ఆ విషయం రాయాలి తప్ప, వాళ్లకోసం మొత్తం జాబితా ఆపకూడదు.

పాత రికార్డు
ఖాళీల అంచనా గురించి ఎవరూ అనలేదు. చాలామంది ఈరోజు ఖాళీగా ఉన్న కుర్చీలు లెక్కపెట్టి పంపుతారు. నియమం అడిగేది రాబోయే పన్నెండు నెలల్లో ఏర్పడేవి కూడా. రిటైర్మెంట్లు, పై పోస్టులకు ప్రమోషన్ల వల్ల కింద వచ్చే ఖాళీలు, కొత్తగా మంజూరైనవి, దీర్ఘకాలం డెప్యుటేషన్ మీద వెళ్లినవాళ్లవి. రెండోదాన్నే తరచూ మరుస్తారు. పైన మూడు ప్రమోషన్లు ఉంటే కింద మూడు, ఆ కింద మూడు. పైనుంచి కిందికి లెక్క వేయాలి, కిందినుంచి కాదు.

రిటైర్మెంట్ వయసు ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి నుంచి 62, తెలంగాణలో 2021 మార్చి నుంచి 61. తెలంగాణలో మూడేళ్లు, ఆంధ్రలో రెండేళ్లు దాదాపు ఎవరూ దిగలేదు. ఆ తర్వాత 2024 నుంచి అనుభవజ్ఞులు ఒక్కసారిగా వెళ్లిపోవడం మొదలైంది. ఆ విరామంలో రెండో వరుసను తయారు చేసుకున్న శాఖలు తక్కువ. పుట్టినతేదీ అందరిదీ రిజిస్టరులో ఉంది కదా, 24 నెలల ముందు జాబితా తీయడానికి ఏ కమిటీ అక్కర్లేదు. ఒక చిన్న విషయం: నెల మొదటి తేదీన పుట్టినవాళ్లు ముందు నెల చివరి రోజునే దిగిపోతారు. సెప్టెంబరు 1న పుట్టినవాళ్ల విషయంలో ఖాళీ ఏ ప్యానెల్ ఏడాదికి చేరుతుందో ముందే రాసి పెట్టుకోండి.

ఫైల్ నోట్
చార్జీలు పెండింగులో ఉన్నవాళ్ల సంగతి చూద్దాం, ప్యానెళ్లు చీలిపోయేది ఇక్కడే.

"విచారణ యోచనలో ఉంది" అని రాసి మనిషిని పక్కన పెడతారు. 1991లో జానకిరామన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, చార్జ్ మెమో గానీ క్రిమినల్ కేసులో చార్జ్‌షీటు గానీ ఇచ్చాకే సీల్డ్ కవర్ పద్ధతి (విచారణ తేలేదాకా ఎంపిక ఫలితాన్ని మూసిన కవరులో ఉంచడం) మొదలవుతుందని. ప్రాథమిక విచారణ, ఫిర్యాదు, పత్రికలో వార్త, ఇవేవీ చాలవు. మరోపక్క చార్జ్ మెమో ఇచ్చేసి ఆరేళ్లు కదపని ఫైళ్లు ఉన్నాయి. 2015 ప్రేమ్‌నాథ్ బాలీ తీర్పు శాఖాపరమైన విచారణను వీలైనంతవరకు ఆరు నెలల్లో, గట్టి కారణం ఉంటే ఏడాదిలో ముగించాలంది. అదే ఏడాది అజయ్ కుమార్ చౌదరి తీర్పు, చార్జ్ మెమో ఇవ్వకుండా సస్పెన్షన్ మూడు నెలలు దాటకూడదంది.

ఎందుకు సాగుతాయంటే మెమో తయారీలోనే లోపం. 1991 సీసీఏ రూల్స్ (ఉద్యోగుల క్రమశిక్షణ నియమాలు)లో నియమం 20 కింద నాలుగు అనుబంధాలు కావాలి: అభియోగాలు, వాటి వివరణ, పత్రాల జాబితా, సాక్షుల జాబితా. మొదటి రెండూ రాసి మిగతావి వదిలేస్తారు. ఉద్యోగి పత్రాల నకళ్లు అడుగుతాడు, ఇవ్వడానికి ఒరిజినల్ ఏసీబీ దగ్గరో ఆడిట్ దగ్గరో ఉంటుంది, ఫైలు అక్కడ కూర్చుంటుంది. సరిచేసే పద్ధతి: మెమో సంతకానికి పెట్టేముందే మూడో అనుబంధంలోని ప్రతి పత్రం నకలు ఫైల్లో ఉందని సూపరింటెండెంట్ ధ్రువీకరించాలి. లేని పత్రం జాబితాలో రాయకూడదు. సాక్షి రిటైరైతే చిరునామా ఇప్పుడే తీసుకోవాలి. చిన్న తప్పుకు నియమం 22 కింద చిన్న శిక్షల విధానం ఉండగా 20 ఎంచుకోవడం మరో పొరపాటు. హాజరు రిజిస్టరులో సంతకం లేదని పూర్తి స్థాయి విచారణ తెరిస్తే రెండేళ్లు ఒక విచారణాధికారి, ఒక ప్రెజెంటింగ్ అధికారి దానికే అంకితం.

బి సెక్షన్
ఈ అనుబంధాల తనిఖీ మాకు కొత్త ఆలోచన, తీసుకుంటాం. మరి ఏసీఆర్‌లు (ఏటా రాసే పనితీరు రిపోర్టులు)? డీపీసీకి (శాఖ ప్రమోషన్ల కమిటీకి) ఐదేళ్లవి అడుగుతారు, రెండు దొరుకుతాయి. దొరికినవన్నీ "బాగుంది" అనే.

సర్వీస్ రూల్స్
దాని దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడండి. 1996 రూల్స్‌లో నియమం 5 ప్రకారం స్టేట్ సర్వీసు పోస్టులకు ప్రమోషన్ ప్రతిభ, సామర్థ్యం మీద జరగాలి. అవి దాదాపు సమానమైనప్పుడే సీనియారిటీ. చట్టం స్పష్టంగా ఉంది. కానీ అందరి రిపోర్టులూ ఒకే మాట చెప్తే డీపీసీ చేతిలో సీనియారిటీ తప్ప ఏమీ మిగలదు. బాగా పనిచేసిన మనిషికి అన్యాయం చేసేది నియమం కాదు, రిపోర్టు రాసిన అధికారి సోమరితనం.

కేంద్రంలో ఏపీఏఆర్ (వార్షిక పనితీరు మదింపు) పద్ధతి కొంత మెరుగు. 1 నుంచి 10 దాకా అంకెలు, పని ఫలితాలకు 40 శాతం, వ్యక్తిగత లక్షణాలకు 30, వృత్తి సామర్థ్యానికి 30. స్వీయ నివేదిక ఏప్రిల్ 15కి, రిపోర్టింగ్ అధికారి జూన్ 30కి, రివ్యూ జులై 31కి. రిపోర్టు మొత్తం ఉద్యోగికి చూపించాలి, 15 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. 2008 దేవ్ దత్ తీర్పు తర్వాత "బాగుంది" అన్న రిపోర్టు కూడా తెలియజేయాల్సిందే, ఎందుకంటే బెంచ్‌మార్క్ (ప్రమోషన్‌కు కావలసిన కనీస గ్రేడు) "చాలా బాగుంది" అయినప్పుడు అది ప్రతికూలమే.

రాష్ట్ర శాఖలో ఫారం మార్చే అధికారం మీకు ఉండకపోవచ్చు. లక్ష్యాలు రాసే అధికారం ఉంది. ఏప్రిల్‌లో సీటుకు ఐదు లక్ష్యాలు, కొలవగలిగినవి. సూపరింటెండెంటుకైతే: కౌంటర్ అఫిడవిట్లు (కేసుల్లో శాఖ జవాబులు) గడువులోపు దాఖలు, సమాచార హక్కు దరఖాస్తులకు 30 రోజుల్లో జవాబు, పెన్షన్ ప్రతిపాదనలు రిటైర్మెంటుకు ముందే ఏజీకి (అకౌంటెంట్ జనరల్‌కు), ఆడిట్ పేరాలకు జవాబులు, సెక్షన్‌లో నెల దాటిన ఫైళ్ల సంఖ్య. అక్టోబరులో ఒకసారి సగం ఏడాది సమీక్ష. ఇవి ఉంటే మార్చిలో రిపోర్టు రాయడానికి జ్ఞాపకశక్తి మీద ఆధారపడక్కర్లేదు.

పాత రికార్డు
రిపోర్టింగ్ అధికారి బదిలీ అయితే? కేంద్ర పద్ధతిలో కనీసం మూడు నెలలు పని చూసి ఉండాలి. అందుకని రిలీవ్ అయ్యేముందే రాయించుకోవడం మేలు. రిలీవింగ్ ఉత్తర్వులోనే "తన కింద మూడు నెలలు దాటి పనిచేసినవారి రిపోర్టులు అప్పగించారు" అన్న పంక్తి చేర్చండి. ఈ ఒక్క పంక్తి లేకనే మీ ఐదేళ్లలో మూడు గల్లంతవుతాయి. రిటైరై వెళ్లిపోయిన అధికారి ఇంటికి ఫారాలు పట్టుకెళ్లడం అవమానకరం, ఇద్దరికీ.

శిక్షణ డెస్క్
ఇక శిక్షణ. బి సెక్షన్ గారూ, వారం కోర్సును నేను వద్దనను, ఎప్పుడు పెడతారు, దేనిమీద పెడతారు అన్నదే అసలు ప్రశ్న.

2020 సెప్టెంబరు 2న కేంద్ర క్యాబినెట్ ఉద్యోగుల సామర్థ్యం పెంచే మిషన్ కర్మయోగిని ఆమోదించింది. దాని మూలం పాత్ర, ఆ పాత్రలో చేసే పనులు, ఆ పనులకు కావలసిన సామర్థ్యాలు అన్న వరుస. ఆ వరుస తీసుకోండి, చాలు. ఒక సూపరింటెండెంటు సీటుకు ఏడాదిలో నిజంగా వచ్చే ఫైళ్లు ఏవో మూడు నెలల ఈ-ఆఫీస్ జాబితా తీసి వర్గాలుగా విడగొట్టండి. ఏవి పైకి తిరిగి వెళ్లాయి, ఏ ప్రశ్నతో వెనక్కి వచ్చాయి చూడండి. మీ కోర్సు సిలబస్ అదే. చాలా చోట్ల ఆరు అంశాలు తేలుతాయి: నోట్ రాయడం, కౌంటర్ అఫిడవిట్‌కు పేరావారీ జవాబులు, సీసీఏ రూల్స్, బడ్జెట్ అంచనాలు, సర్వీసు వెరిఫికేషన్‌తో పెన్షన్ ఫైలు, కింది సిబ్బందికి పని పంచడం. నాయకత్వం అని మనం పిలిచేదాంట్లో చివరిది ఎక్కువ, కానీ ముందు ఐదూ చేతకాని మనిషి మాట కింది సిబ్బంది వినరు.

సమయం: ప్యానెల్ వచ్చాక కాదు. అంచనా ఖాళీలకు రెట్టింపు మందిని సీనియారిటీ వరుసలో మే, జూన్ నెలల్లో పిలవాలి. పది ఖాళీలుంటే ఇరవై మంది. మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ హైదరాబాద్‌లో ఉంది, ఆంధ్రకు ఏపీ మానవ వనరుల అభివృద్ధి సంస్థ బాపట్లలో ఉంది. అక్కడ ఐదు రోజులు తరగతి. ఆ తర్వాత ఆరు వారాలు సొంత కార్యాలయంలో నిజమైన ఫైళ్ల మీద పని. చివర రెండు రోజులు మళ్లీ పిలిచి వాళ్లు రాసిన నోట్‌లను గీతలు పెట్టి చూపించాలి. మధ్యలోని ఆరు వారాలు లేకపోతే మొదటి ఐదు రోజులు కరిగిపోతాయి.

డబ్బు అడిగితే 2012 జాతీయ శిక్షణ విధానం చూపించండి, జీతాల బడ్జెట్‌లో కనీసం 2.5 శాతం శిక్షణకు కేటాయించాలని సిఫారసు చేసింది.

కృష్ణా డెల్టా
మిషన్ కర్మయోగి ఆన్‌లైన్ వేదిక ఐగాట్‌లో కోర్సులు ఉచితంగా ఉన్నాయి కదా, వాటినే ప్రమోషన్‌కు తప్పనిసరి చేస్తే?

శిక్షణ డెస్క్
తప్పనిసరి చేసిన రోజు నుంచి వీడియో ఒక కిటికీలో నడుస్తుంది, ఫైలు ఇంకో కిటికీలో. కోర్సు పూర్తయిందని సర్టిఫికెట్ వస్తుంది, నోట్ రాయడం రాదు. విషయ పరిచయానికి అవి మంచివే: సమాచార హక్కు, లైంగిక వేధింపుల నిరోధక చట్టం, కొనుగోలు నియమాలు. నైపుణ్యానికి కొలమానంగా వాడకండి. డిపార్ట్‌మెంటల్ పరీక్షలు ఎలాగూ ఉన్నాయి, పుస్తకం చూసి రాసే పేపర్లు కూడా ఉన్నాయి, అవి చాలు అర్హతకు.

ఫైల్ నోట్
శిక్షణ డెస్క్ గారితో ఒక్క చోట విభేదిస్తాను. అసలైన తయారీ ఎఫ్‌ఏసీ (పూర్తి అదనపు బాధ్యత)లో ఉంది. సూపరింటెండెంటు సెలవు పెడితే పక్క సెక్షన్ సూపరింటెండెంటుకే అదనపు బాధ్యత ఇవ్వడం అలవాటు. ఆయనకు భారం, సీనియర్ అసిస్టెంటుకు అవకాశం పోతుంది. పది, పదిహేను రోజుల సెలవులకు సీనియారిటీలో తర్వాతి సీనియర్ అసిస్టెంటుకు సెక్షన్ చూసుకోమని ఆఫీస్ ఆర్డర్ ఇవ్వండి. రోజువారీ ఫైళ్లు, నోట్‌లు ఆయన, ఆర్థిక అధికారం, శిక్షల ఫైళ్లు మాత్రం పై అధికారి. హద్దులు ఆర్డర్లో స్పష్టంగా రాయాలి, ఇది ప్రమోషన్ హక్కు ఇవ్వదని కూడా. తాత్కాలికం పేరుతో ఏళ్లు నడిపితే అదే ఇంకో కేసు. పూర్తి అదనపు బాధ్యత అలవెన్స్ ఎఫ్‌ఆర్ (ఫండమెంటల్ రూల్) 49 కింద ఆరు నెలలు దాటి రాదు, పనిచేయించుకుంటూ డబ్బు ఇవ్వకుండా ఉంచడం న్యాయం కాదు. ప్యానెల్ సకాలంలో వేస్తే అంత దూరం పోదు.

మల్టీజోన్-2
ప్రమోషన్ వచ్చినా వద్దనేవాళ్ల గురించి ఆలోచించారా? 1996 రూల్స్‌లో నియమం 28 కింద వదులుకుంటే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ (ప్రమోషన్ లేకపోయినా సర్వీసు ఏళ్లను బట్టి వచ్చే స్కేలు) ప్రయోజనాలు కూడా పోతాయి, అయినా వదులుకుంటున్నారు. ముఖ్యంగా మహిళలు. కారణం అసమర్థత కాదు, 200 కిలోమీటర్ల దూరంలో పోస్టింగ్, ఇంట్లో పదో తరగతి పిల్ల, మంచంలో అత్తగారు. ఇలా సామర్థ్యం ఉన్న మనుషులను శాఖ తన చేతులతో పోగొట్టుకుంటోంది.

చేయగలిగింది ఉంది. ఖాళీల జాబితా కౌన్సెలింగ్‌కు వారం ముందు బయట పెట్టండి. సీనియారిటీ వరుసలో పిలిచి ఎంచుకోనివ్వండి. కౌన్సెలింగ్ రోజు దాచిపెట్టిన ఖాళీలు తర్వాత సిఫారసుతో నింపితే మరుసటి ఏడాది ఎవరూ నమ్మరు, వదులుకునేవాళ్లు పెరుగుతారు. దివ్యాంగులు, ఒంటరి తల్లులు, తీవ్ర అనారోగ్యం ఉన్న కుటుంబాలకు ప్రాధాన్యం ముందే రాసి ప్రకటించండి.

పాత రికార్డు
పై స్థాయి కూడా చూడాలి. అధికారి ఎనిమిది నెలలకే మారిపోతే కింద ఎవరూ ఎదగరు. 2013 అక్టోబరు 31న టీఎస్‌ఆర్ సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు నిర్ణీత పదవీకాలం, సివిల్ సర్వీసెస్ బోర్డులు, మౌఖిక ఆదేశాలను రాతలో నమోదు చేయడం గురించి ఆదేశించింది. 2014లో ఐఏఎస్ కేడర్ రూల్స్‌లో రెండేళ్ల కనీస కాలం చేర్చారు. రాష్ట్ర సర్వీసు అధికారులకు మీ శాఖలోనే అలాంటి పాలసీ రాసుకోవచ్చు. అది కుదరకపోయినా, మౌఖిక ఆదేశం వచ్చిన రోజే "టెలిఫోన్‌లో ఆదేశించిన ప్రకారం" అని నోట్‌లో ఎక్కించడం కింది స్థాయి వాళ్లకు నేర్పండి. మూడేళ్ల తర్వాత చార్జ్ మెమో వచ్చినప్పుడు వాళ్లను కాపాడేది ఆ పంక్తే.

బి సెక్షన్
అందరికీ ధన్యవాదాలు. నెలలవారీగా ఇలా రాసుకున్నాను, తప్పులుంటే చెప్పండి. జనవరి, ఫిబ్రవరి: సర్వీసు రిజిస్టర్ల వెరిఫికేషన్, ప్రొబేషన్ ఉత్తర్వులు. మార్చి: 24 నెలల రిటైర్మెంట్ జాబితా. ఏప్రిల్: తాత్కాలిక సీనియారిటీ జాబితా, కొత్త ఏడాది లక్ష్యాలు. మే, జూన్: అభ్యంతరాలు, జవాబులు, శిక్షణ. జులై: తుది జాబితా, ఖాళీల అంచనా, డీపీసీ ప్రతిపాదన. ఆగస్టు: డీపీసీ. సెప్టెంబరు 1: ఉత్తర్వులు.

సర్వీస్ రూల్స్
రెండు మార్పులు. గెజిటెడ్ పోస్టులకు డీపీసీ సచివాలయంలో కూర్చుంటుంది, విజిలెన్స్, ఏసీబీ క్లియరెన్స్ రావడానికే నెల దాటుతుంది. ఆ లేఖలు తుది జాబితా కోసం ఆగకుండా మే నెలలోనే, అంచనా ఖాళీలకు రెట్టింపు పేర్లతో పంపండి. లేఖలో ఉద్యోగి ఐడీ, పుట్టినతేదీ, గత ఐదేళ్లలో పనిచేసిన చోట్లు రాయాలి. పేరు మాత్రమే రాస్తే వివరాలు కోరుతూ తిరిగి వస్తుంది.

రెండోది, సాధారణ బదిలీల నిషేధం ఎత్తేసేది ఎక్కువగా మే, జూన్‌లోనే. మీ సెక్షన్ మొత్తం ఆ నెలల్లో బదిలీల దరఖాస్తుల్లో మునిగిపోతుంది. అభ్యంతరాల పని ఏప్రిల్ చివరికి అయ్యేలా తాత్కాలిక జాబితాను మార్చి 1కి జరపండి. సర్వీసు రిజిస్టర్లు కూడా జనవరి దాకా ఆగకుండా నవంబరులో మొదలుపెట్టాలి. రిజిస్టరులో పుట్టినతేదీ ఒకటి, ప్రభుత్వ ఆర్థిక లావాదేవీల ఆన్‌లైన్ వ్యవస్థలో, అంటే ఆంధ్రలో సీఎఫ్‌ఎంఎస్‌లో గానీ తెలంగాణలో ఐఎఫ్‌ఎంఐఎస్‌లో గానీ, ఇంకొకటి ఉంటే, ముందు తేల్చాల్సింది అదే.

బి సెక్షన్
మార్చాను. నవంబరు సర్క్యులర్ డ్రాఫ్ట్ రేపు ఇదే చర్చలో పెడతాను. అనుబంధాల తనిఖీ పత్రం కూడా దాంతో కలిపి పంపవచ్చా, లేక విడిగానా?

ఫైల్ నోట్
విడిగా. క్రమశిక్షణ ఫైళ్లు అందరి చేతుల్లోకి వెళ్లవు, సీనియారిటీ సర్క్యులర్ నోటీసు బోర్డు మీదికి వెళ్తుంది. తనిఖీ పత్రాన్ని ఒక పేజీ ఫారంగా చేసి చార్జ్ మెమో ఫైలు మొదటి పేజీకి కుట్టించండి, అది లేని ఫైలు సంతకానికి తీసుకోవద్దని హెచ్‌ఓడీ పేషీకి ఒక నోట్ పెట్టండి.